యాభై ఏడో నంబరు

టోపీలు పెట్టడం మా ఇంటి వృత్తి.
నవ్వకండి, మోసం కాదు.
అల్మేరియా రేవు వెనక సందులో
ఆవిరి కెటిలూ, చెక్క తలలూ, జిగురు వాసనా
మా నాన్న ఇందలేసియో వదిలి వెళ్ళిన ఆస్తి.

చెక్క తలలకు పేర్లుండవు, నంబర్లే.
యాభై అయిదు, నోటరీ గారు.
అరవై ఒకటి, చేపల వేలంపాట పాడే బొజ్జాయన.
యాభై ఏడు
సివిల్ గార్డు కార్పొరల్ బల్తసార్.

వాళ్ళ టోపీ మీరు చూసి ఉండరు.
నిగనిగలాడే నల్ల తోలు,
వెనక భాగం చదును.
గోడకానుకుని కునుకు తీయడానికే అలా కుట్టారని
మా ఊళ్ళో ఒక జోకు.
తలుపులేసుకుని చెప్పుకునే జోకు.

నలభై ఒకటిలో, దీపాలు పెట్టే వేళ
రెండు నల్ల టోపీలు మా గడప దాటాయి.
నాన్న మొహాలు చూడలేదట.
"ఆ అంచు నేను వేసిందే"
అన్నాడట, కుర్చీలోంచి లేస్తూ.
అమ్మ ఈ ఒక్క ముక్కే చెప్పేది.
తర్వాతేమైందని అడిగితే
పప్పులో రాళ్ళు ఏరడం మొదలుపెట్టేది.

ఆకలికి పంతం ఉండదు కదా.
పాతికేళ్ళు ఆ టోపీలు నేనే తుడిచాను.
నూనె గుడ్డతో రుద్దితే
నా మొహం కనిపించేది, వంకరగా, చిన్నగా.
బల్తసార్ టోపీ లోపల, పట్టీ కింద
ఎర్రదారం ముడి ఒకటుంది.
ఆ ముడి వేయడం నాన్నకు తప్ప ఎవరికీ రాదు.
అంతమాత్రాన ఆ సాయంత్రం వచ్చింది ఇతనే అనలేను.
నాన్న చాలా టోపీలు కుట్టాడు.

అరవై ఆరులో సినిమా వాళ్ళొచ్చారు.
తబెర్నాస్ ఎడారిలో రాత్రికి రాత్రి ఒక చెక్క ఊరు మొలిచింది.
బ్యాంకుకు వెనక గోడ లేదు, జైలుకు కప్పు లేదు,
ఉరికొయ్య మాత్రం అసలు కలప.
షెరీఫుకీ అతని మనుషులకీ నలభై టోపీలు కావాలన్నారు,
కొత్తవి, కానీ పాతగా.
కాఫీ చుక్కలూ ఇటుక పొడీ ఉప్పునీళ్ళూ కలిపి
ఎవరూ పోయని చెమటను నేను పూశాను.
వాళ్ళ పెట్టెల్లో వేరే సినిమాల చట్టం కూడా ఉంది.
లండన్ పోలీసు గుమ్మటం, పారిస్ వాళ్ళ డబ్బా టోపీ,
ఒకదాంట్లో ఒకటి దూర్చి, కిందది చిమ్మటలు కొట్టేసి.

రోజుకి రెండొందల పెసెతాలంటే
గార్డులు కూడా వేషాలకొచ్చారు.
బల్తసార్ తన టోపీ తీసి నా చేతికిచ్చాడు.
"నీడలో పెట్టు కసిల్దా, ఎండకి మెరుగు పగులుతుంది."
పెట్టాను. నీడలోనే పెట్టాను, ఆ జైలు గోడ పక్కన.

తొట్టి దగ్గర అతను తుపాకి దెబ్బకి పడిపోవాలి.
పడ్డాడు. డైరెక్టరుకి నచ్చలేదు.
మళ్ళీ పడ్డాడు.
పడ్డప్పుడల్లా టోపీ దొర్లేది,
నేను పరిగెత్తి, దుమ్ము దులిపి, తెచ్చేదాన్ని.
అతను తల వంచేవాడు.
నేను పెట్టేదాన్ని.
అంత దగ్గరగా ఆ తలను ఎప్పుడూ చూడలేదు.
నడినెత్తిన పలచబడిన జుట్టు,
ఎండకి కందిన చర్మం, పసివాడి మాడులా.
పదకొండోసారి అడిగాడు, రొప్పుతూ:
"ఇప్పుడైనా బాగా చచ్చానా?"
"లేదు కార్పొరల్ గారూ, మీకది అలవాటు లేని పని."

మధ్యాహ్నానికి నీడ జరిగింది.
టోపీ జరగలేదు.
చూశాను. పదకొండుసార్లూ అటే చూశాను.

సోమవారం కొట్టుకొచ్చాడు.
నుదుటి దగ్గర్నుంచి వెనక్కి వెంట్రుకవాసి పగులు.
యాభై ఏడు మీద పెట్టి తిప్పి తిప్పి చూశాను.
"బాగవుతుందా?"
"ఇది నాన్న చేతి పని.
ఆయన ఎక్కడున్నాడో చెబితే
వెళ్ళి అడిగొస్తాను."

కెటిల్ కూత పెట్టింది. దించలేదు.
కాసేపు తన చేతుల్ని చూసుకున్నాడు,
ఆ తర్వాత వీధి వైపు.
టోపీ అడగలేదు.
యూనిఫాంలో ఒట్టి తలతో తిరగడం
వాళ్ళలో పెద్ద తప్పని వినికిడి.
రేవు దాకా అలాగే వెళ్ళాడు,
మిట్టమధ్యాహ్నం, గోడ నీడ కూడా పట్టుకోకుండా.