చాప మీద నీరు

రణస్థలం దాటాక, పెద్ద రోడ్డు పల్లానికి దిగే చోట
రాత్రి రెండూ ఇరవైకి
ఒక ట్యాంకరు కారుతోంది.
ధార కాదు. బొట్టు.
బొట్టుకీ బొట్టుకీ మధ్య
డ్రైవరు ఒక అమ్మవారి పేరు పలికేంత ఖాళీ.

నేనూ గవరయ్యా మోసుకొచ్చాం, చెరో కొసా భుజాన వేసుకుని.
కంపెనీ దీనికి పెట్టిన పేరుకి మాకు నోరు తిరగదు.
గట్టు అంటాం.
పన్నెండు మీటర్లు పొడవు, నాలుగు వెడల్పు.
పరిస్తే చాప, అంచులు లేపితే మడి,
చుట్టేస్తే వ్యానులో మేం నడుం వాల్చే పరుపు.

కారే ఇంట్లో పెరిగినవాణ్ణి నేను.
తాటాకు ఎక్కడ చిల్లుపడితే అక్కడికి
అమ్మ సత్తుగిన్నె జరిపేది,
దీపం లేకుండా, చప్పుడుని బట్టి.
ఈ ఉద్యోగానికి వెళ్లినప్పుడు అడిగారు, అనుభవం ఉందా అని.
లేదన్నాను. అబద్ధం.

ఇంజను వద్దు, అన్నాను డ్రైవరుతో.
ఫోను వద్దు. లోపలున్నది టోలీను, గాలిక్కూడా అంటుకుంటుంది.
బ్రేకు మెల్లగా వదులు, పల్లమే లాక్కుంటుంది.
ముందంచు పడుకోబెట్టాం.
పది చక్రాలూ దాని మీంచి
నిద్రపోతున్న పిల్లల్ని దాటినట్టు దాటాయి.

ఇక అంచులు నిలబెట్టాలి, ఇనప కొక్కేలతో.
సంచిలో ఇరవై నాలుగు ఉండాలి.
పంతొమ్మిదే.
మొన్న పెద్దవాళ్లొచ్చి ఫొటోలు దిగిన డ్రిల్లులో
అయిదు ఎక్కడో రాలిపోయాయి.
గెడ్డ వైపు అంచు
నాలిక వేలాడేసి పడుకుంది.

అప్పుడొచ్చింది తవిటమ్మ.
మోకాలిదాకా బురద, చేతిలో పార,
రాత్రిపూట మడికి నీరు కట్టుకుంటున్న మనిషి.
చుట్టా బీడీ ఏమైనా ఉంటే ఆర్పెయ్యమ్మా, అక్కడే ఆగు, అన్నాడు గవరయ్య.
ఆగింది. పలకలేదు.
పలకదేమని టార్చి వేస్తే తెలిసింది,
నిప్పు నోట్లోపలుంది. అడ్డపొగ.
మా ఇద్దరి గుండెలూ ఆగిపోయాయి.
కాలవలోకి తిరిగి ఉమ్మి, బురదలో మడమతో నొక్కి
నోరు పుక్కిలించి వచ్చింది:
"సెప్పండి బాబూ, గట్టు ఎటేపు తెగింది?"

పార రాయికి తగలనీకమ్మా, రవ్వ లేస్తుంది, అన్నాను.
"రాయేదో మన్నేదో నా సేతికి తెల్దేటి?"
బెడ్డ మీద బెడ్డ. తొక్కి, అరచేత్తో మెత్తి
రబ్బరు గట్టుకి మట్టి గట్టు ఆనించింది.
నీరు నిలవాలని రోజూ కట్టే చెయ్యి
ఇదీ నిలవాలని కట్టింది.

బొట్లు చేరాయి.
టార్చి వెలుగులో చలమ నీళ్లంత తేటగా,
దోసిలి పట్టాలనిపించేలా.
చాప కింద నీరు అని ఊరికే అనలేదు మనవాళ్లు.
తెల్లార్లూ నేను కిందే తడుముతున్నాను.
పొడి.
మళ్లీ వంగి, ఇంకోచోట.
పొడి.

ఎండెక్కేసరికి ఇంకో ట్యాంకరు, పంపు, డ్రమ్ములు, కాగితం.
కారినది: నూట నలభై లీటర్లు.
నేలపాలైనది: సున్నా.
వాడిన సామాను అనే గడిలో
పార అని రాశాను.
సూపర్‌వైజరు కొట్టేశాడు.

తుడిచి చుట్టుకుంటుంటే తవిటమ్మ అడిగింది:
"ఇది ఎంతుంటాది నాయినా?"
ధర అనుకుని నీళ్లు నమిలాను.
"రేటు కాదు, పొడుగు.
ఆ గోడ ఎనకాల గొట్టం ఉంది సూడు,
జోరువాన రేత్రి ఇప్పుతారు.
అక్కడికాడ్నుంచి సంద్రం దాకా పరవాలంటే
ఇలాటివి ఎన్ని కావాల?"

పన్నెండు మీటర్లమ్మా, అన్నాను.

ఆమె గోడ వైపు చూసింది. కొంగుముడిలో చుట్ట తడుముకుని
మా వ్యాను వైపు చూసి, మానేసి,
పార భుజానేసుకుని పోయింది.
బెడ్డలు అక్కడే ఉన్నాయి, మా చక్రాల గుర్తుల పక్కన,
దేన్నీ ఆపకుండా.

సోమవారం కొక్కేలకి అర్జీ పెట్టాను.
అయిదు.