పదో నిమిషం

పదో నిమిషానికి ఆగిపోతుంది.
తొమ్మిదికి కాదు, పదికి.
మిల్డ్యూరాలో బయల్దేరి మెర్బైన్ దారిలో
ద్రాక్షతోటల మలుపు తిరిగేసరికి
ఒక దగ్గు, ఒక కుదుపు,
ఆపైన చక్రాల కింద కంకర చప్పుడొక్కటే.

డెబ్బై నాలుగు నాటి హోల్డెన్.
నాకంటే పదకొండేళ్లు పెద్దది.

నెవిల్‌ని పిలిచాను.
ఎనభై దాటినవాడు, చెవులు రెండూ
గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్లలో పోగొట్టుకున్నవాడు.
పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి
పిడిని దవడకి నొక్కుకుని
ఎముకతో వింటాడు.

"కార్బ్యురేటరే" అన్నాడు.

మూడు శనివారాలు విప్పాం.
నా వంటింటి బల్ల మీద పాత దుప్పటి,
దాని మీద జెట్లు;
చీమ కన్నంత కంతల్లోంచి
ఒకరి తర్వాత ఒకరం ఆకాశాన్ని చూశాం.
ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపి నేను విన్నాను.
సూది వాల్వు మూసి అతను నోటితో ఊదాడు.
వారమంతా పప్పులో కూడా పెట్రోలు వాసన.

అయినా, పదో నిమిషానికి.

నాలుగో శనివారం. ఏప్రిల్ ఎండ. అదే మలుపు.
బానెట్ కింద అతను జెట్‌ని తిడుతుంటే
అసలు పెట్రోలుందా అని
విసుగ్గా ట్యాంకు మూత తిప్పాను.

హుస్సుమంది.
బయటికి కాదు, లోపలికి.

అతను వినలేదు.
మూత బిగించి, యాక్సిలరేటర్ తొక్కిపట్టి,
మళ్లీ చచ్చేదాకా నడిపి,
అతని అరచేతిని అక్కడికి లాక్కొచ్చి తిప్పాను.
ముందు కనుబొమలు విన్నాయి.
తర్వాత తనని తాను ఒక బూతు తిట్టుకున్నాడు.

బండి కింద, ట్యాంకు ఊపిరి గొట్టం చివర
వేలి గోరంత మట్టి.
కుమ్మరి పురుగు.
నా భుజం విరిగి బండి కదలని వేసవిలో
ముద్ద ముద్దా మోసుకొచ్చి
దుత్త చేసి, గుడ్డు పెట్టి, మూతి మెత్తి పోయింది.
అత్త మీద కోపం దుత్త మీదంటారు;
మేం దుత్తని కూడా తప్పుగా ఎంచుకున్నాం.

తల్లి ఝుంకారం విని విని
పురుగుకి రెక్కలొస్తాయని కదా మన నమ్మకం,
దీనికి వినపడింది ఆరు సిలిండర్ల రొద,
అదీ పదేసి నిమిషాలు.

నెవిల్ వైరు తీశాడు. గుచ్చలేదు.
స్క్రూడ్రైవర్ మొన ఆ మట్టికి ఆనించి
దవడ మీద పిడితో చాలాసేపు ఉన్నాడు.
ఏం వినపడిందో నేనడగలేదు.
రబ్బరు గొట్టం చివరి అంగుళాన్ని కోసి
గూటితో సహా కంచె గుంజ మీద పెట్టాడు.

పదకొండో నిమిషం ఎలా ఉంటుందో ఆరోజు చూశాను.
అవే ద్రాక్షతోటలు.
కొంచెం అవతల, నది.