వరస

తెల్లారుజామున నాలుగూ పదికి
కర్నూలు మార్కెట్ యార్డు గేటు కాడ
మా సిస్టం ఉల్లిగడ్డల్ని ఒప్పుకోవడం మానేసింది.

తెర మీద ఎర్రగా ఒకటే మాట:
ఈ నంబరు ఇంతకుముందే ఉంది.
మళ్ళీ నొక్కాను. అదే మాట.
కాదు, సరిగ్గా అదే కాదు.
నొక్కిన ప్రతిసారీ నంబరు ఒకటి పెరుగుతోంది,
పెరిగిన నంబరు కూడా ఇంతకుముందే ఉంటోంది.

బయట కోడుమూరు ట్రాక్టరు, దాని వెనక దేవనకొండ ఐచరు,
ఆ వెనక హారన్లు, బీడీ నిప్పులు,
గోనెసంచుల మీద కాళ్ళు ముడుచుకున్న నిద్రలు.
గేటు షాషావలి అద్దాన్ని రూపాయి బిళ్ళతో కొట్టి
"ఏమక్కా, వావీ వరసా మర్సిపోయిందా నీ మిషను?" అన్నాడు.

నవ్వే టైము కాదు గానీ
జబ్బు పేరు సరిగ్గానే చెప్పాడు.

రాత్రి పాత డిస్కు చచ్చిపోయింది.
బ్యాకప్పులోంచి పట్టికని కొత్త సర్వర్లోకి ఎక్కించాను:
రైతు పేరు, ఊరు, సంచులు, తూకం,
ఒక్కొక్కరూ తమ పాత నంబరు చేత పట్టుకునే వచ్చారు.
నంబర్లు పంచేవాడు మాత్రం, సీక్వెన్స్ అంటారు వాణ్ణి,
ఈ జనమంతా వచ్చారని ఎవరూ చెప్పక
గుమ్మంలో కూర్చుని
ఒకటి నుంచి మొదలెట్టాడు.

పట్టికని అడిగాను: నీలో అన్నిటికన్నా పెద్దది ఎంత?
నలభై వేల ఏడు వందల ముప్పై ఒకటి.
వాణ్ణి అడిగాను: నువ్వెక్కడున్నావు?
పదిహేడు.
పదిహేడుసార్లు నొక్కిన వేలు నాదే.

ఒక్క లైను రాశాను.
చిన్నపిల్లాణ్ణి రెక్క పట్టుకుని రోడ్డు దాటించినట్టు
వాణ్ణి తెచ్చి ముప్పై ఒకటి పక్కన నిలబెట్టాను.
ప్రింటరు రెండుసార్లు దగ్గి చీటీ ఉమ్మింది.
40732. కోడుమూరు ట్రాక్టరు లోపలికి కదిలింది.

అంతటితో లేచి టీ తాగాల్సింది.
పట్టికని కిందికి జరుపుతూ కూర్చున్నాను.

40317 ఉంది. 40319 ఉంది.
పోయిన నెల ఆడిటరు ఇక్కడే పెన్ను ఆపి
"మధ్యలోది యాడికి పోయింది? ఎవురు మింగినారు?" అన్నాడు.
చెప్పాను: ఎంట్రీ మొదలెట్టగానే నంబరు తెగుతుంది సార్,
మధ్యలో వద్దనుకుంటే రాసిందంతా వెనక్కి పోతుంది,
నంబరు మాత్రం పోదు.
కండక్టరు చించిన టిక్కెట్టు
మళ్ళీ బుక్కుకి అతుక్కోదు కదా.
ఆయన 'సాంకేతిక కారణం' అని రాసుకున్నాడు.

కారణం పేరు బజారి. సి.బెళగల్.
యాభై రెండు సంచులు.
నేను తూకం గడి దాకా వచ్చినప్పుడు అతని ఫోను మోగింది.
లోపల్నుంచి ఎవరో నిన్నటి ధర చెప్పారు.
ఫోను జేబులో పెట్టి, మళ్ళీ తీసి, చూసి, మళ్ళీ పెట్టి
"రాయాకులేమ్మా" అన్నాడు.
రద్దు నొక్కాను. పేరు పోయింది, ఊరు పోయింది,
యాభై రెండూ పోయాయి.
"ఆ నెంబరు ఎనకాలోళ్ళకి ఇయ్యి, పాపం నిలబడుండారు."
ఇవ్వడానికి రాదన్నా, ఒకసారి పిలిచిన నంబరు
ఇంకెవరికీ రాదు అన్నాను.
అంత చీకట్లో నవ్వాడు.
"అట్లయితే అది నాదేలే."

ఇప్పుడు నా చేతిలో తాళాలన్నీ ఉన్నాయి.
ఏదో ఒక పేరు, ఏదో ఒక తూకం
ఆ సందులో చేత్తో కూర్చోబెట్టొచ్చు.
యంత్రం కాదనదు. ఆడిటరు సంతోషిస్తాడు.
సగం టైపు కూడా చేశాను.

షాషావలి మళ్ళీ బిళ్ళతో కొట్టాడు.
టైపు చేసింది చెరిపేసి
ఐచరు డ్రైవరుని పేరు అడిగాను.
అతను తన పేరు చెప్పాడు.
నీది కాదప్పా, గడ్డలు ఎవరివి అని అడిగాను.
40733.