తట్టి చూడటం

చీమకుర్తిలో దుమ్ము తలుపు తట్టదు.
తాళం వేసిన సర్వర్ గదిలోకి కూడా
నల్లటి పొడిగా వచ్చి
ఫ్యాను రెక్కల మీద కూచుంటుంది.
నెలకోసారి నేను బ్రష్షుతో వచ్చి దాన్ని లేపుతాను.
నెలకోసారి మాలకొండయ్యగారు నాకు టీ చెబుతారు.

ఈసారి నెల తిరక్కముందే ఫోను.
"పెంచలయ్యా, ఫొటోలు రావట్లా.
అవతల కొనేవాడు కాసుకోనుండాడు.
రాయి లారీకెక్కేంత సేపు
రాయి బొమ్మకే పడతా ఉంది."

పాలిషైన ప్రతి పలకా స్కానర్ కిందికి పోవాలి.
నల్లరాతిలో మెరిసే చుక్క ఒక్కటి కూడా చెరగకుండా
ఒక్కో ఫొటో నాలుగొందల ఎంబీ.
ఒక్కో దిమ్మెకి అరవై పలకలు.
నేను వెళ్ళేసరికి సుభాషిణి
సగం తెరుచుకున్న రాయిని చూస్తా ఉంది,
పైసగం నలుపు, కిందసగం బూడిద.
"తెల్లారేలోపు మిగతాది వస్తుందిలే అన్నా" అంది
నవ్వకుండా.

నా సంచిలో మూడు నెట్‌వర్క్ కార్డులు,
ఒంగోలు కర్నూలు రోడ్డు దుకాణంలో
సాయంత్రంలోగా తిరిగిస్తానని తెచ్చినవి.
వేలానికి పొగాకు బేళ్ళు పేర్చినట్టు
పేపరు పరిచి వరసగా పెట్టాను.

ఇది ఇరవై అయిదు గిగాబిట్లు.
దీని వేడికి దీనికే ఒక ఫ్యాను కావాలి,
దీనికి తగ్గ స్విచ్చి కొనాలంటే లారీడు పలకలమ్మాలి.
ఇది పది. ఏదో పెద్ద కంపెనీలో వాడి తీసేసింది.
ధర సగం, వారంటీ దేవుడెరుగు.
ఇది రెండున్నర.
గట్టిగా చెప్పటానికే నామోషీ.

పది వైపు మెల్లిగా వేలు జరిపాను.
నిజం చెప్పాలంటే
పదిలోనే నాకు మిగిలేది ఎక్కువ.

ఆయన కార్డు తీసుకుని
వెలుతురులో అటూ ఇటూ తిప్పారు.
"దీన్ని ఎట్టా తట్టి చూస్తారు?"
"తట్టటమేంది సార్?"
చెప్పులేసుకుని నన్ను యార్డులోకి నడిపించారు.
ఇంకా కోయని దిమ్మె మీద సుత్తితో ఒక్క దెబ్బ.
ఖంగుమంది.
పక్కదాని మీద ఇంకోటి.
దబ్బుమంది.
"లోపల గీతుంది.
ఎంత మంచి బ్లేడు బిగిస్తే మాత్రం?"

గదిలోకొచ్చి, కార్డులు సంచిలోకి నెట్టి
సర్వర్ పక్కరేకు విప్పాను.
ఏసీ ఆపమన్నాను. చెవి ఆనించాను.
సుభాషిణీ, ఒక ఫొటో తెరువు.
ఖాదర్‌వలీ, స్కానర్ నుంచి ఇంకోటి ఎక్కించు.
అప్పుడు వినపడింది,
టిక్కు టిక్కు టరక్కుమని
ఒంటరి హార్డ్ డిస్కు,
ఇద్దరు పిలిస్తే ఇద్దరి దగ్గరికీ పరిగెత్తి
ఎవరి దగ్గరా నిలబడలేక.
నేను పెట్టిందే. చవగ్గా వస్తుందని నేనే.

బోరులో ఊట చూడకుండా
మోటారు హార్స్‌పవరు గొప్పలు చెప్పే రైతుల్ని
దర్శి కాడ చాలామందిని చూశాను.
మా నాన్న అందులో ఒకడు.

"కార్డు తర్వాత సార్, ముందు నా తప్పు" అన్నాను.
ఆయన తిడితే బాగుండేది.
రెండో టీ చెప్పారు.

చివరికి తెచ్చింది ఆ రెండున్నరే,
దాని సైజుకి తగ్గ చిన్న స్విచ్చి,
తిరగని, చప్పుడు చెయ్యని కొత్త డిస్కులు రెండు.
షెడ్డు గోడెమ్మట పాత తీగనే ఉంచాను,
దాని మోత దానికి చాలు.

మూడోరోజు సాయంత్రం
సుభాషిణి వేలు నొక్కటం, రాయి తెరుచుకోవటం
ఒకటే అయ్యాయి.
కొనేవాడు అవతల్నుంచి పెద్దది చేసి చూశాడు,
ఇంకా పెద్దది చేశాడు,
ఎడమ మూల వెంట్రుకంత గీత పట్టుకుని
చదరపు అడుక్కి ఇరవై తగ్గించాడు.

మాలకొండయ్యగారు నా వంక చూసి
"ఇదొక్కటి కాస్త నిదానంగా రానిచ్చుండకూడదా" అన్నారు.
మూడో టీ మాత్రం చెప్పలేదు.