టనిక్లిఫ్ గారి పొగాకు డబ్బా

లీక్ ఊళ్ళో బేకరీ వెనక సందులో
ఇప్పుడు తివాచీలు అమ్ముతున్నారు.
చుట్టచుట్టి నిలబెట్టిన ఊలు మధ్య నిలబడి
ముక్కు ఎగబీల్చాను,
కాలిన ఆముదం వాసన కోసం.

రేసుకారు ఇంజన్లో ఆముదం పోస్తారని
విశాఖ షిప్‌యార్డులో నాకెవరూ చెప్పలేదు.
అమ్మ నా నడినెత్తిన పెట్టి చరిచిన ఆముదం
ఇక్కడ నిమిషానికి తొమ్మిదివేల చుట్లు తిరుగుతోంది.

"పేరు?" అన్నారు టనిక్లిఫ్ గారు
పళ్ళ మధ్య పెన్సిలు తియ్యకుండానే.
"పైడయ్య."
"ప్యాడీ" అని రాసుకున్నారు.
అప్పటికే షెడ్డులో ఒక ప్యాడీ ఉన్నాడు, కార్క్ నుంచి వచ్చిన ఐరిష్‌వాడు.
వారం రోజులు నాతో మాట్లాడలేదు.

పాలలారీల యజమాని ఆయన.
లారీలకు పూయగా మిగిలిన మీగడరంగే
మా కారు రంగు.
పెద్ద జట్లవాళ్ళు "అదిగో పాలవాడు" అని నవ్వితే
"ఖాళీ సీసాలు గుమ్మంలో పెట్టుకోండి,
తెల్లారేసరికి వస్తా" అనేవారు.

పిసినారి అంటే పిసినారే.
సాయంత్రం పని ముగిశాక వంగి వంగి
నేలమీద రాలిన వాషర్లు ఏరి
పొగాకు డబ్బాలో వేసుకునేవారు.
"మా దేశంలో ఇలాంటి డబ్బులుండేవి సార్,
చిల్లుకానీ అంటాం" అన్నాను ఒకరోజు.
"అయితే నేను ధనవంతుణ్ణి" అని
డబ్బా నా చెవి దగ్గర గలగల్లాడించారు.

మేం గెలవలేదు. ఇది ముందే చెప్పాల్సింది.
ఏడేళ్ళలో మా గొప్పంతా
ఔల్టన్ పార్కులో ఒక నాలుగో స్థానం,
అదీ వానలో, ముందున్నవాళ్ళు బురదలోకి జారిపోతే.
ఆ రాత్రి కాగితం పొట్లాల్లో చేపలూ చిప్సూ,
ఉప్పూ వెనిగరూ అంటిన వేళ్ళతో
ఆయన అందరికీ చేతులు కలిపారు.
నాకు రెండుసార్లు. పొరపాటున కావచ్చు.

అరవైతొమ్మిది ఆగస్టు.
రాడ్నీ పెల్హామ్‌కి ఇరవై నాలుగేళ్ళు.
మాటల్లో నత్తి, మలుపుల్లో లేదు.
ఆ మధ్యాహ్నం ఒక మలుపులో
ఈ వాక్యం నేనింతవరకూ పూర్తిచెయ్యలేదు.

చీకటిపడ్డాక వ్యాన్ నడిపింది నేనే.
మాకిల్స్‌ఫీల్డ్‌లో కొండవాలు ఇల్లు,
వంటింట్లో రాడ్నీ తల్లి.
టనిక్లిఫ్ గారు టోపీ మోకాళ్ళమీద పెట్టుకుని
నోరు తెరిచారు, మూశారు.
కుళాయి కారుతోంది.
టప్.
మళ్ళీ చాలాసేపటికి టప్.

లేచి కోటు విప్పారు.
"ప్యాడీ, స్పానర్" అన్నారు, షెడ్డులో అన్నట్టే.
పొగాకు డబ్బా మూత తీసి
ఒక వాషరు కాదని, రెండోది కాదని,
మూడోది బిగించారు.
అంతే, చుక్క ఆగింది.
అప్పటిదాకా ఏడవని ఆవిడ అప్పుడు ఏడ్చింది.
ఆయన చేతులు తుడుచుకోవడం మర్చిపోయి
సింకు దగ్గరే నిలబడ్డారు, మా వైపు వీపు పెట్టి.

తర్వాత రెండేళ్ళు లాక్కొచ్చాం.
సిగరెట్ కంపెనీవాళ్ళు వచ్చారు,
సూట్లూ రంగుల పటాలూ పట్టుకుని.
ఆయన శ్రద్ధగా విని ఒక్కటే అడిగారు:
"మీగడరంగు ఉంచుతారా?"
ఉంచరట.
టీ ఇచ్చి పంపేశారు.

ఆయన పోయిన వారం
నేను స్టోక్‌లో పింగాణీ బట్టీ దగ్గర రాత్రి షిఫ్టులో ఉన్నాను.
కబురు ఐరిష్ ప్యాడీ చెప్పాడు, ఆర్నెల్ల తర్వాత,
అదీ బస్సు దిగుతూ.

"ఏ రంగు చూపించమంటారు?"
తివాచీల కొట్టు అమ్మాయి అడుగుతోంది.
చెప్పబోయి, అలవాటు కొద్దీ నేలకేసి చూశాను.
గోడ నుంచి గోడకి మెత్తగా పరిచేశారు.

ఇక్కడిప్పుడు
ఏం జారిపడ్డా వినపడదు.