ఆటలో అరటిపండు

వాల్సాల్‌లో మధ్యాహ్నం పన్నెండుకి
పసుప్పచ్చ కోటు తొడుక్కుంటాను.
మెడలో ఈల, జేబులో టిష్యూలు, చంకలో దెబ్బల పుస్తకం.
పడ్డవాళ్ళని లేపడం, ఊడిన జిప్పులు పెట్టడం,
ఎవరు ఎవర్ని కొట్టారో రాయడం.
గంటంపావు ఉద్యోగం.

రిసెప్షన్ క్లాసులో ఇరవై తొమ్మిది మంది.
జతలు కట్టి నిలబడమంటే
పద్నాలుగు జతలు.
ఆ పైన డెక్లన్.

వాడు కొరుకుతాడు. నిజం చెప్పాలి కదా.
ఇసుక పోస్తాడు.
ఎవరో ఊపిరి బిగబట్టి పేర్చిన బ్లాకుల మీద
బొక్కబోర్లా పడతాడు, కావాలనే.
క్లాసు గోడ మీద అట్టముక్క సూర్యుడు, అట్టముక్క నల్లమబ్బు,
బట్టల క్లిప్పుల మీద పిల్లల పేర్లు.
మిగతావాళ్ళవి నీడకి పోతాయి, ఎండకొస్తాయి.
డెక్లన్‌ది మబ్బుకే పట్టి ఉంటుంది.
మబ్బులో ఆరేసిన గుడ్డ ఎప్పటికి ఆరేను?

ఆ పిల్లలకి చదవడం ఇంకా రాదు.
గోడ మాత్రం చదివేశారు.

నిన్న నేను చూశాను.
పన్నెండూ ఇరవైకి, సైకిల్ షెడ్డు వెనక డ్రాగన్ ఆట.
వెళ్ళి, "నేనూ?" అన్నాడు.
మేసీ నడుం మీద చేతులేసుకుని
"చోటు లేదు" అంది.
అంత ఆవరణ! అటు మూల గాలి ఒక్కత్తే తిరుగుతోంది.
వాడు కాసేపాగి మళ్ళీ అడిగాడు,
డ్రాగన్‌నవుతానన్నాడు,
చచ్చిపోయే డ్రాగన్‌నైనా సరే అన్నాడు.

పన్నెండూ నలభైకి మేసీ ఎడమ చేతి మీద పళ్ళ గాటు.

పుస్తకంలో గడులుంటాయి:
టైము, దెబ్బ తగిలిన చోటు, చేసినవాడు, చేసిన వైద్యం.
తడి టిష్యూ అని రాశాను.
ఇరవైకీ నలభైకీ మధ్య జరిగినదానికి
గడి లేదు.
మార్జిన్లో రాద్దామనుకున్నాను.
గంటకి పన్నెండు పౌన్ల మనిషిని,
నన్నెవరడిగారు?

మా చిన్నప్పుడు, ఆడటం చేతకాని పిల్లని
ఆటలో అరటిపండు అనేవాళ్ళం.
ముట్టుకున్నా దొంగ కాదు, పడిపోయినా ఓటమి లేదు.
ఉత్తుత్తి చోటే.
చోటే కదా.
ఓసారి స్టాఫ్‌రూమ్‌లో ఈ మాట చెప్పబోతే
మిసెస్ హాక్స్‌వర్త్ కప్పు దించి
"పండా? ఏ పండు?" అంది.
అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

నేనేమంత మంచిదాన్ని కాదులెండి.
చెవిలో చీము కారే సుగుణమణికి
ఆ అరటిపండు చోటూ దక్కనివ్వకుండా
చిటికెన వేలు చూపి కచ్చి కొట్టినదాన్ని.
అది ఎవర్నీ కొరకలేదు.
ఓ సోమవారం నుంచి బడికి రాలేదు, అంతే.
ఏ పుస్తకంలోనూ ఎవరూ రాయలేదు.

ఇవాళ తుంపర. ముందే ఈల ఊదాను.
పద్నాలుగు జతలు.
చివర్న డెక్లన్, చేతులు రెండూ జేబుల్లో దోపుకుని,
ఎవరూ పట్టుకోకపోవడం తన ఇష్టమే అన్నట్టు.
నా చెయ్యి చాపాను.
చూశాడు.
పట్టుకోలేదు.

నా కోటు అంచుకి వెల్‌క్రో పట్టీ ఉంటుంది.
దాన్ని పట్టుకుని చర్రున ఊడలాగాడు.
అదిమి అంటించాడు.
మళ్ళీ చర్రున.
మళ్ళీ అదిమి, బొటనవేలితో రుద్ది మరీ,
నిజంగా అంటుకుందో లేదో వంగి చూస్తూ.
నడుస్తూనే ఉన్నాం. వాన పడుతూనే ఉంది.
నా కోటు బార్లా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.

తలుపు దగ్గర, ముందు జతలోంచి,
హర్లీన్ చెయ్యి వదలకుండానే మేసీ వెనక్కి తిరిగి
"ఆ చప్పుడేంటి?" అంది.

డెక్లన్ వేళ్ళు ఆగిపోయాయి.
మేసీ వంక కాదు,
నా వంక చూశాడు,
చెప్పొచ్చా
అన్నట్టు.