మూడో మలుపు కొలత

కొచ్చికి బదిలీ అయిన నేవీ ఆఫీసరు
సగం ధరకి అమ్మేశాడు నాకు,
లావు టైర్ల కరెంటు సైకిలు.
"కొండలెక్కుతుందండీ" అన్నాడు.
ఆయన ఎక్కింది బీచ్ రోడ్డేనని
తర్వాత తెలిసింది.

నాది యారాడ బడి.
సింధియా జంక్షన్ దాటి కొండెక్కాలి,
మళ్ళీ అటుపక్క సముద్రంలోకి దిగుతున్నట్టు దిగాలి.
మొదటి మలుపు నవ్వుతూ,
రెండోది పళ్ళబిగువున.
మూడోదాంట్లో, జీడిమామిడి చెట్టు దగ్గర,
మోటారు మూలిగింది.
ఐదు గీతల బ్యాటరీలో రెండు గీతలు
చూస్తుండగానే ఆరిపోయాయి.
సంచీలో ఐదో తరగతి లెక్కల పేపర్లు,
మోకాల్లో పాత నొప్పి,
వెనక గ్యాస్ బండల ఆటో, దాని హారను.
దిగి తోశాను.
ఇరవై నాలుగు కిలోలు.
ఎవరు ఎవర్ని ఎక్కిస్తున్నట్టు?

జ్ఞానాపురం, చర్చి వెనక సందు.
ఇన్నాసయ్య షాపంటే
నీలం టార్పాలిను, ఒక బల్బు,
షిప్‌యార్డులో ముప్పయ్యేళ్ళు గేర్‌బాక్సులు విప్పిన రెండు చేతులు.
పెడలు దగ్గరి చక్రానికి సుద్దముక్కతో గుర్తు పెట్టి
పళ్ళు లెక్కపెట్టాడు,
సంతలో ఎద్దు నోరు తెరిచి చూసినట్టు.
"ముప్పయ్యెనిమిది.
ఇవి దౌడు తీసే పళ్ళమ్మా,
మెట్టెక్కే పళ్ళు కావు."

మోటారుంది కదా, అది లాగదా అన్నాను.
"ఏటనుకున్నావు?
మోటారు నీ పాదాల మద్దినే కూకుంది.
నువ్వు ఏ గేరులో తొక్కితే
అదీ ఆ గేరులోనే తొక్కాల.
నీ కాలు ఈడిస్తే దాని కాలూ ఈడుస్తాది.
బలం సాలక కాదు,
తిరగడానికి సోటు లేక కాగిపోతంది."

వెనక పదకొండు బిళ్ళలు,
పదకొండు పళ్ళ చిన్నదాన్నించి
యాభై పళ్ళ పళ్ళెం దాకా.
వాటిని తిప్పి తిప్పి చూపించాడు.
నేను పూర్ణా మార్కెట్లో వంకాయలకి బేరమాడినట్టు
ముందుదానికి ముప్పై నాలుగు చాలదా అన్నాను,
ఆదివారాలు బీచ్ రోడ్డు మీద
నాక్కూడా కాస్త ఉరకాలనుంటుంది.

"నీ దారిలో మంచి ముక్క ఎంతుందో నాకొద్దు.
అన్నిట్లోకీ సెడ్డ మలుపు సెప్పు,
దానికి కడతాను పళ్ళు."

కొంచెంసేపు మాట్లాడలేదు నేను.
చెడ్డ మలుపులు కొన్ని తెలుసు నాకు,
రోడ్డు మీదవి కావు.
వాటికి ఎవరూ కొలత అడగలేదు.
జీడిమామిడి చెట్టు, అన్నాను.

"ముప్పై" అన్నాడు రేకు పెట్టె తెరుస్తూ.
నాలుగు లింకులు తీసేసి చెయిను పొట్టి చేశాడు,
ఎదుగుతున్న పిల్ల గౌనుకి తిరగేసిన పని.
పాత చక్రాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి
"నీదే కదా, ఒగ్గీకు" అన్నాడు.

సోమవారం మూడో మలుపులో
కాళ్ళు పొందూరు రాట్నంలా తిరిగాయి.
వేగం? నడిచేవాడికి కాస్త ఎక్కువ.
కొమ్మ మీద గండుచీమల్ని చూడగలిగేంత.
మోటారు గొణుగుతూనే ఉంది గానీ
అది పనిచేసుకునే మనిషి గొణుగుడు.
ఒక్క గీతే పోయింది.
శిఖరాన ఇటు పోర్టు క్రేన్లు, అటు ఖాళీ నీళ్ళు,
మధ్యన నేను, ఎగరొగర్పు లేకుండా,
హాజరు పట్టీకి నాలుగు నిమిషాల ముందు.

ఆదివారం వేరే కథ.
తెన్నేటి పార్కు దాటిన పల్లంలో
పెడళ్ళు గాల్లో తిరుగుతున్నట్టున్నాయి, పట్టు లేదు.
బిర్యానీ డెలివరీ కుర్రాడు దాటిపోతూ
"ఆంటీ, మీ కాళ్ళు కనబడట్లేదు!" అని అరిచాడు.
నిజమే.
తొక్కడం మానేసి
ఉప్పుగాలికి వదిలేశాను, దానికెంత తోస్తే అంత.

ఆ ముప్పయ్యెనిమిది పళ్ళ చక్రం
వంటగట్టు మీద కుదురు ఇప్పుడు.
అన్నం గిన్నె సరిగ్గా కూచుంటుంది.
కింద పరిచిన గుడ్డకి నల్లగా పళ్ళ అచ్చు దిగింది,
ఎన్నిసార్లు ఉతికినా పోదు.
గంజి వంచుతూ ఒకరోజు లెక్కపెట్టాను.
అన్నీ ఉన్నాయి.